విటమిన్ డి పెరిగింది, ట్రైగ్లిజరైడ్స్ మాత్రం కదల్లేదు. ఎందుకు?

కాకినాడ_లక్ష్మి | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడి పోస్టులు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నా వయసు 43. స్కూల్లో లెక్కలు చెబుతాను. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 92 కిలోలు. జులైలో మోకాళ్ల నొప్పులు, నిస్సత్తువ ఎక్కువై టెస్టులు చేయించుకున్నాను. విటమిన్ డి 11.8 వచ్చింది. మొత్తం కొలెస్ట్రాల్ 214, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే కొవ్వు) 268, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 124. మూడు నెలల షుగర్ సగటు 6.1.

డాక్టరు గారు వారానికొకటి చొప్పున 60 వేల యూనిట్ల డి ప్యాకెట్లు ఎనిమిది రాశారు. కొలెస్ట్రాల్‌కి ఒక మాత్ర కూడా రాశారు. ఆ మాత్ర నేను వేసుకోలేదు. లావుగా ఉన్నవాళ్లలో డి తక్కువ కావడం వల్లే కొవ్వు పేరుకుంటుందని, డి సరిచేస్తే కొవ్వులు వాటంతటవే దిగుతాయని ఒక వీడియోలో విన్నాను. జీవితాంతం వేసుకోవాల్సిన మాత్ర ఎందుకు, ముందు డి సంగతి చూద్దాం అనుకున్నాను.

మా తమ్ముడికీ అప్పుడే డి 13 అని తేలింది. వాడు సన్నగా 58 కిలోలుంటాడు. ఇద్దరం ఒకే షాపులో ఒకే కంపెనీ ప్యాకెట్లు కొని ప్రతి ఆదివారం పాలల్లో కలుపుకుని తాగాం. నిన్న ఇద్దరి రిపోర్టులూ వచ్చాయి. వాడికి 44. నాకు 21. ట్రైగ్లిజరైడ్స్ చూస్తే 261.

ఒకే మందు, ఒకే లెక్క. వాడికి అంత పెరిగి నాకు ఇంతే ఎందుకు? డి పెరిగినా కొవ్వు ఎందుకు దిగలేదు? రాత్రి నుంచి చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

వరంగల్_సురేష్ | ఆదివారం రాత్రి 10:05

లక్ష్మి గారూ, భయపడకండి. మీకు డోసు చాలలేదు, అంతే. 21 అంటే ఇంకా తక్కువే కదా. నాకు పోయిన ఏడాది డి 14, ట్రైగ్లిజరైడ్స్ 240. ప్యాకెట్ల కోర్సు పూర్తి చేశాక డి 40 దాటింది, ట్రైగ్లిజరైడ్స్ 152కి వచ్చాయి. కొవ్వుల మాత్ర ఒక్కటి కూడా వేసుకోలేదు. ఇంకో ఎనిమిది వారాలు వాడి చూడండి. డి 40 దాటాక కొవ్వు దిగడం మొదలవుతుందని నా నమ్మకం.

ల్యాబ్_రాము | ఆదివారం రాత్రి 11:20

లక్ష్మి అక్కా, పదమూడేళ్లుగా ల్యాబ్‌లో పని చేస్తున్నాను. మీ మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను.

డి విటమిన్ కొవ్వులో కరుగుతుంది. ఒంట్లోకి వెళ్లాక రక్తంలోనే ఉండిపోదు, కొవ్వు కణాల్లోకి, కండల్లోకి, కాలేయంలోకి సర్దుకుంటుంది. ఇంట్లో నలుగురికి వండే పప్పులో ఒక చెంచా ఉప్పు వేస్తే నాలుకకు తెలుస్తుంది. అదే చెంచా పెళ్లి వంట గుండిగలో వేస్తే తెలియదు. ఉప్పు ఎక్కడికీ పోలేదు, పలచబడింది. మీ తమ్ముడిది చిన్న గిన్నె, మీది పెద్ద గిన్నె. డి మీ ఒంట్లోనే ఉంది, రక్తం తీసి చూస్తే తక్కువ కనిపిస్తుంది.

దీని మీద 2000లో బోస్టన్‌లో ఒక పరిశోధన వచ్చింది. లావుగా ఉన్నవాళ్లకూ సన్నగా ఉన్నవాళ్లకూ ఒకే మోతాదులో అతినీలలోహిత కిరణాలు తగిలించి, తర్వాత రక్తంలో డి ఎంత పెరిగిందో చూశారు. లావుగా ఉన్నవాళ్లలో పెరుగుదల 57 శాతం తక్కువ. డి తయారయ్యే ముడిసరుకు చర్మంలో ఇద్దరికీ ఒకే రకంగా ఉంది. అంటే చర్మం పని బాగానే చేస్తోంది, తయారైన సరుకు రక్తం దాకా రావడంలోనే తేడా.

ఇక 268 తర్వాత 261 వచ్చిందన్నారు. దాన్ని తగ్గుదల అనుకోకండి. ట్రైగ్లిజరైడ్స్ ఒకే మనిషిలో రోజుకొక రకంగా ఊగుతాయి, అయిదో వంతు అటూ ఇటూ కావడం మామూలే. మా దగ్గరకు వచ్చేవాళ్లు ఏడు పాయింట్లు తగ్గితే సంబరపడతారు, ఏడు పెరిగితే కంగారు పడతారు. రెండూ వద్దు.

పాలమూరు_డాక్టర్ | సోమవారం ఉదయం 6:40

నేను జనరల్ ఫిజీషియన్‌ని. మా ఓపీలో రోజూ వినే ప్రశ్న ఇది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

లక్ష్మి గారూ, డి తక్కువ కావడం వల్ల లావు కావడం, లావు కావడం వల్ల డి తగ్గడం, ఈ రెండిట్లో ఏది నిజం అన్నది అసలు ప్రశ్న. 2013లో 42 వేల మంది జన్యువులను పరిశీలించి దీనికి జవాబు వెతికారు. ఆ పరిశోధనలో ముందున్న శాస్త్రవేత్త విమలేశ్వరన్ మన దేశం నుంచి వెళ్లినవారే. బరువు పెరిగే జన్యువులు ఉన్నవాళ్లలో డి తక్కువగా ఉంది. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే లెక్క) ఒక్క యూనిట్ పెరిగితే డి సుమారు 1.15 శాతం తగ్గుతోంది. తిరగేసి చూశారు. డి తక్కువగా ఉండే జన్యువులు ఉన్నవాళ్లు లావుగా ఉన్నారా అంటే, అలా కనిపించలేదు. బాణం బరువు నుంచి డి వైపు వెళ్తోంది. మీరు విన్న వీడియో బాణాన్ని తిప్పి చెప్పింది.

కొవ్వుల సంగతి వేరు. మీ రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ, షుగర్ అంచున ఉంది. మన దేశంలో నేను అన్నిటికంటే ఎక్కువగా చూసే కలయిక ఇదే. పొట్ట చుట్టూ ఉన్న కొవ్వు ఊరికే కూర్చోదు. అక్కడి నుంచి కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి చేరుతుంటాయి. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్స్‌గా మూటగట్టి రక్తంలోకి వదులుతుంది. ఆ మూటలు ఎక్కువైనప్పుడు హెచ్‌డీఎల్‌తో సరుకు మార్పిడి జరిగి, హెచ్‌డీఎల్ త్వరగా ఖర్చయిపోతుంది. ఎల్‌డీఎల్ కణాలు చిన్నగా, చిక్కగా మారతాయి. ఈ గొలుసులో విటమిన్ డి ఎక్కడా పెద్ద పాత్రధారి కాదు.

డి తక్కువ కావడం, కొవ్వులు ఎక్కువ కావడం, ఈ రెండూ ఒకే మనిషిలో కనిపిస్తాయి కాబట్టి ఒకదాని వల్ల ఇంకొకటి వచ్చిందనుకుంటాం. డి తక్కువ ఉన్నవాళ్లలో ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువగా ఉండటం చాలా సర్వేల్లో కనిపించిన మాటే. కానీ డి పెంచి చూసినప్పుడు సంగతి వేరుగా ఉంది. 2012లో అమెరికాలో డి తక్కువగా ఉన్న 151 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు వారానికి 50 వేల యూనిట్ల చొప్పున 8 వారాలు ఇచ్చారు. అచ్చం మీ కోర్సులాగే. డి బాగా పెరిగింది. కొవ్వుల్లో మెరుగు లేదు. ఇలాంటి చిన్న చిన్న పరిశోధనలన్నీ కలిపి లెక్కేసిన కొన్ని చోట్ల ట్రైగ్లిజరైడ్స్ కాస్త తగ్గినట్టు కనిపించింది. ఆ కాస్త తగ్గుదల 268 ఉన్న మనిషికి చాలదు.

సురేష్ గారూ, మీ మాట కొట్టిపారేయడం లేదు. ఆ ఏడాది డి ప్యాకెట్లు కాకుండా ఇంకేం మార్చారు? నిదానంగా గుర్తు చేసుకుని చెప్పండి.

వరంగల్_సురేష్ | సోమవారం ఉదయం 8:15

డాక్టర్ గారూ, నిజాయితీగా చెబుతున్నాను. ప్యాకెట్లు రాసిన డాక్టరే ఎండలో నడవమన్నారు. భద్రకాళి చెరువు కట్ట మీద రోజూ గంట నడిచాను. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నాను. ఆరు కిలోలు తగ్గాను. వారాంతాల్లో మిత్రులతో తాగడం ఉండేది, అదీ మానేశాను. ఇవన్నీ ఆరోగ్యం కోసమని చేశానే గానీ కొవ్వు తగ్గింది వీటి వల్లేనేమో అని ఇప్పటిదాకా అనుకోలేదు.

పాలమూరు_డాక్టర్ | సోమవారం మధ్యాహ్నం 1:50

చెప్పినందుకు చాలా సంతోషం. ఒంటి బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే ట్రైగ్లిజరైడ్స్ సుమారు 20 శాతం తగ్గుతాయి. తాగుడు మానడం వేరే లాభం, ట్రైగ్లిజరైడ్స్‌ని పైకి తోసే వాటిలో ఆల్కహాల్ ముందు వరసలో ఉంటుంది. మీరు చేసిన పని గొప్పది, పేరు మాత్రం ప్యాకెట్టుకు పోయింది.

న్యూజెర్సీ_శిరీష | సోమవారం సాయంత్రం 6:30

ఇక్కడ మా డాక్టర్ నాకు డి టెస్టే రాయనంది. నా బీఎంఐ 33. లావుగా ఉన్నాను కదా, ఒకసారి చూడండి అని అడిగాను. ఎండోక్రైన్ సొసైటీ (హార్మోన్ల డాక్టర్ల సంఘం) 2024లో మార్గదర్శకాలు మార్చిందని, వేరే ఇబ్బందులు లేని పెద్దవాళ్లకు, లావుగా ఉన్నా సరే, మామూలుగా డి టెస్ట్ చేయనక్కర్లేదని అంటోందని చెప్పింది. 2011లో అదే సంస్థ 30 దాటాలని చెప్పింది. ఇప్పుడు ఆ 30 గీతను వాళ్లే వదిలేశారు. ఎముకలకు 20 ఉంటే దాదాపు అందరికీ సరిపోతుందని వేరే సంస్థ ముందునుంచీ అంటోంది.

ఇంకో సంగతి. 25,871 మందికి రోజూ 2,000 యూనిట్ల డి లేదా మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి అయిదేళ్లకు పైగా చూసిన వైటల్ అనే పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. గుండెపోట్లు తగ్గలేదు. అదే డేటాను తర్వాత బరువు ప్రకారం విడదీసి చూస్తే, లావుగా ఉన్నవాళ్లలో మాత్రల వల్ల డి పెరగడం కూడా తక్కువేనని తేలింది. మీకూ మీ తమ్ముడికీ జరిగింది అదే, లక్ష్మీ.

వేరే దేశాల్లో ఉన్నవాళ్ల రిపోర్టు పోల్చి చూసుకునేటప్పుడు యూనిట్లు గమనించండి. యూరప్‌లో కొన్ని దేశాల్లో, ఆస్ట్రేలియాలో నానోమోల్స్‌లో ఇస్తారు. మెల్‌బోర్న్‌లో ఉన్న మా చెల్లి తనకు 50 వచ్చిందని గొప్పగా చెప్పింది. రెండున్నరతో భాగిస్తే మన నానోగ్రాముల లెక్కలో 20.

కాకినాడ_లక్ష్మి | సోమవారం రాత్రి 9:40

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. డాక్టర్ గారూ, అయితే నేను డి ప్యాకెట్లు తాగడం దండగేనా? మాత్ర వేసుకోకుండా రెండు నెలలు పోగొట్టుకున్నానా? నా షుగర్‌కైనా డి పనికొస్తుందా?

పాలమూరు_డాక్టర్ | మంగళవారం ఉదయం 6:25

దండగ కాదు. 11.8 అంటే ఎముకలకు మంచిది కాదు. మీకు నొప్పులూ ఉన్నాయి కాబట్టి టెస్ట్ చేయించడం, కోర్సు ఇవ్వడం సరైనవే. 21కి వచ్చారు, ఎముకల వరకు చాలా మేలు. ఇక మీ తమ్ముడి 44ని అందుకోవాలని పరుగు పెట్టకండి.

షుగర్ విషయంలో, షుగర్ అంచున ఉన్న 2,423 మందికి రోజూ 4,000 యూనిట్లు ఇచ్చి చూసిన పరిశోధన 2019లో వచ్చింది. వాళ్ల సగటు బీఎంఐ 32, అంటే మీలాంటివాళ్లే. డి ఇచ్చినవాళ్లలో షుగర్ వ్యాధి గట్టిగా చెప్పుకునేంతగా తగ్గలేదు.

రెండు నెలల గురించి బాధపడకండి. మీ డాక్టరు దగ్గరకే వెళ్లి, మాత్ర వేసుకోలేదని ఉన్నదున్నట్టు చెప్పండి. మేం కోప్పడతామని చాలామంది దాస్తారు. మీరు వేసుకుంటున్నారనుకుని ఆయన డోసు పెంచితే అప్పుడు అసలు ఇబ్బంది.

ఒంగోలు_మాధవి | మంగళవారం ఉదయం 10:10

సురేష్ అన్నయ్యా, ఇంకో ఎనిమిది వారాలు వాడమని సలహా ఇచ్చారు కదా, దయచేసి అలా ఎవరికీ చెప్పకండి. మా నాన్నకు జరిగింది చెబుతాను. చీటీలో వారానికొకటి అని రాస్తే, ఆయన రోజుకొకటి అనుకున్నారు. నెలన్నర పాటు రోజూ 60 వేల యూనిట్లు తాగారు. దాని మీద నడుం నొప్పికని ఇంకోచోట డి ఇంజెక్షన్ కూడా వేశారు. మొదట మలబద్ధకం, తర్వాత ఆకలి లేదు, విపరీతమైన దాహం, వాంతులు. చివరికి మనుషుల్ని తికమక పడి పిలవడం మొదలుపెట్టారు. ముసలితనం అనుకున్నాం. ఆసుపత్రిలో కాల్షియం 14 దాటింది, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పెరిగింది. పదకొండు రోజులు సెలైన్లు ఎక్కించారు. ఒంటి కొవ్వులో చేరిన డి త్వరగా బయటకు పోదట, నెలల తరబడి కాల్షియం చూస్తూనే ఉన్నాం.

మందుల షాపులో అడిగితే చాలు చీటీ లేకుండా ఇచ్చేస్తారు. ప్యాకెట్ కాబట్టి ఓఆర్‌ఎస్ లాంటిదే అనుకుంటారు మనవాళ్లు.

వరంగల్_సురేష్ | మంగళవారం ఉదయం 11:00

మాధవి గారూ, మనసు చివుక్కుమంది. నాన్నగారు ఇప్పుడు బాగున్నారా? నా పోస్టులో ఆ సలహా వెనక్కి తీసుకుంటున్నాను. లక్ష్మి గారూ, దయచేసి పట్టించుకోకండి.

తిరుపతి_భాను | మంగళవారం సాయంత్రం 5:20

అసలు ఇంత ఎండ ఉన్న ఊళ్లలో డి తక్కువేమిటని మా ఇంట్లో రోజూ వాదన. మా తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ హరినారాయణ్ బృందం ఇరవై ఏళ్ల కిందటే దీని మీద పని చేసింది. పట్నంలోనే కాదు, చుట్టుపక్కల పల్లెల్లోనూ డి తక్కువ ఉన్నవాళ్లు చాలామంది కనిపించారు. పల్లెవాళ్లకు పట్నంవాళ్లకంటే మెరుగే గానీ చాలినంత లేదు. తిండిలో కాల్షియం తక్కువ, గింజధాన్యాల్లోని ఫైటేట్ అనే పదార్థం ఎక్కువ కావడం ఆ కొద్ది డినీ త్వరగా ఖర్చు చేస్తుందని వాళ్లు రాశారు. మా దగ్గర ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్య ఎండలోనే చర్మంలో డి బాగా తయారవుతుందనీ తేల్చారు. మనం నడిచేది ఆరింటికి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండకు డి తయారుకాదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది.

ఆహార_సుజాత | మంగళవారం రాత్రి 8:45

నేను డైటీషియన్‌ని. లక్ష్మి గారూ, ట్రైగ్లిజరైడ్స్ అనగానే అందరూ నూనె, నెయ్యి మానేస్తారు, అన్నం మాత్రం అలాగే ఉంటుంది. మీలాంటి రిపోర్టులో నేను మొదట అడిగేది కంచంలో అన్నం ఎంత, టీలో పంచదార ఎంత, సాయంత్రం స్టాఫ్ రూంలో ఏం తింటారు అని. కాలేయం మిగిలిన పిండినీ పంచదారనీ కూడా కొవ్వుగా మారుస్తుంది. అన్నం సగానికి తగ్గించి, ఆ ఖాళీలో కూర, పప్పు, గుడ్డు పెట్టండి. పండ్ల రసం వద్దు, పండు తినండి.

డి కోసం తిండి మీద ఆశ పెట్టుకోవద్దు. గుడ్డు పచ్చసొన, కొవ్వు చేపలు తప్ప మన వంటల్లో డి పెద్దగా లేదు. పాల ప్యాకెట్ మీద, నూనె ప్యాకెట్ మీద నీలం రంగు ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటే ఎ, డి కలిపినట్టు. కాల్షియంకి ధాన్యాల్లో రాగులను మించింది లేదు, వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. రాగి సంకటి ఒక ముద్ద చాలు, రెండు ముద్దలైతే మళ్లీ పిండి ఎక్కువే.

ల్యాబ్_రాము | మంగళవారం రాత్రి 10:30

లక్ష్మి అక్కా, మీరు లెక్కల టీచర్ కాబట్టి ఇది చెప్పాలి. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని కొలవరు, లెక్కగడతారు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయండి, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతు తీసేయండి. 214 లోంచి 36, తర్వాత 53.6 తీసేస్తే 124.4. మీ రిపోర్టులో ఉన్నది అదే. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువయ్యేకొద్దీ ఈ లెక్క గాడి తప్పుతుంది, 400 దాటితే పనికిరాదు. అందుకే మీరు చూడాల్సిన అంకె ఇంకొకటుంది. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసేయండి. 178 వస్తుంది. చెడు కొవ్వు మొత్తం అందులో ఉంటుంది, పరగడుపున ఉన్నారా లేదా అన్నది కూడా దీన్ని పెద్దగా మార్చదు. 130 లోపు ఉంటే నయం.

ఇంకో రెండు మాటలు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే టెస్టుకు ముందు చెప్పండి, కొన్ని మెషిన్లలో డి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. బరువు తగ్గడానికి ఆర్లిస్టాట్ వాడేవాళ్లకు తిన్న కొవ్వుతో పాటు డి కూడా బయటకు పోతుంది.

పాలమూరు_డాక్టర్ | బుధవారం ఉదయం 6:50

రాము చెప్పిన 178ని మీ డాక్టరుకు చూపించండి. ఆయన మాత్ర ఎందుకు రాశారో అక్కడే అర్థమవుతుంది. ఒక టేపు తెచ్చుకుని నడుము కూడా కొలవండి. మన దేశంలో ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే హెచ్చరిక. అది తగ్గుతుంటే డి కూడా కొంచెం పైకి వస్తుంది.

కాకినాడ_లక్ష్మి | జనవరి, శనివారం రాత్రి 8:30

అందరూ నన్ను మర్చిపోయి ఉంటారు. నాలుగు నెలల తర్వాత రాస్తున్నాను.

డాక్టరు గారికి మాత్ర సంగతి చెప్పేశాను. కోప్పడలేదు. మర్నాటి నుంచి వేసుకుంటున్నాను. అన్నం సగం చేశాను. స్కూల్ నుంచి ఆటో మానేసి రెండు కిలోమీటర్లు నడిచి వస్తున్నాను. మొదటి నెల మోకాళ్లు చాలా ఇబ్బంది పెట్టాయి, తర్వాత సర్దుకున్నాయి. బరువు 86.5. నడుము 104 నుంచి 98కి వచ్చింది.

రిపోర్టు: మొత్తం కొలెస్ట్రాల్ 158, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్స్ 196. రాము గారి లెక్క ప్రకారం 178 ఉన్నది 120 అయింది. డి ఇప్పుడు నెలకొక ప్యాకెట్ మాత్రమే, 24 ఉంది. చాలన్నారు.

ఇందులో మాత్ర వల్ల ఎంత, నడక వల్ల ఎంత, అన్నం వల్ల ఎంత అని నన్ను అడగకండి, మూడూ ఒకేసారి మొదలుపెట్టాను. మా తమ్ముడు మాత్రం ట్రైగ్లిజరైడ్స్ 230తో తేలాడు. సన్నగా ఉన్నాడు, డి 44 ఉంది, వాడికేం అనుకున్నాం. పొట్ట ఒక్కటే కాస్త ముందుకుంటుంది. వాణ్ని కూడా నడవమంటున్నాను.

వరంగల్_సురేష్ | ఆదివారం ఉదయం 7:30

చాలా సంతోషం లక్ష్మి గారూ. నా రిపోర్టు కూడా పెడుతున్నాను. నవంబరులో కాలు బెణికి నడక ఆగింది, అయిదు కిలోలు తిరిగి వచ్చాయి. డి మాత్రం 41 అలాగే ఉంది. ట్రైగ్లిజరైడ్స్ 221.

ల్యాబ్_రాము | ఆదివారం ఉదయం 9:10

సురేష్ అన్నా, రక్తం ఇచ్చే ముందు రోజు రాత్రి ఏం తిన్నారు? ఎన్ని గంటలు పరగడుపున ఉన్నారు?

వరంగల్_సురేష్ | ఆదివారం ఉదయం 9:35

మేనల్లుడి గృహప్రవేశం. రాత్రి పదకొండింటికి భోజనం, భక్ష్యాలు తిన్నాను. ఉదయం ఏడింటికి రక్తం ఇచ్చాను.

ల్యాబ్_రాము | ఆదివారం ఉదయం 9:42

అయితే ఆ 221 పక్కన పెట్టండి. రెండు వారాలు మామూలుగా తినండి, పన్నెండు గంటలు పరగడుపున ఉండి అదే ల్యాబ్‌లో మళ్లీ ఇవ్వండి. వచ్చాక ఇక్కడే పెట్టండి, చూద్దాం.